రెండు మానిటర్ల మీదికి ఒకే డెస్క్‌టాప్‌ను విస్తరించుకోవడం: స్ప్లిటర్ అవసరమా?

ప్రశ్న
డీటీపీ పని, చిత్తూరు

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో ఒక చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్లు ఎప్పుడూ ఉండేవే. వాటితో పాటు తిరుపతి నుంచి కొందరు రచయితలు డెమ్మీ 1/8 సైజు పుస్తకాల పని పంపుతుంటారు. వారు చేత్తో రాసిన కాగితాలు స్కాన్ రూపంలో వస్తాయి. ఆ స్కాన్‌ను ఒక విండోలోనూ, పేజీలు కూర్చే ప్రోగ్రాం అయిన పేజ్‌మేకర్‌ను ఇంకొక విండోలోనూ తెరిచి, ఒక వాక్యం చూడడం, ఇవతలికి వచ్చి టైపు చేయడం, తిరిగి వెళ్లి ఆ వాక్యం ఎక్కడ ఆగిందో వెతుక్కోవడం, ఇదే పనిగా సాగుతోంది. ప్రూఫు దిద్దేటప్పుడు ఈ అటూ ఇటూ తిరగడంలోనే కొన్ని తప్పులు కంటికి ఆనకుండా జారిపోతున్నాయి.

అందువల్ల రెండో మానిటర్ పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నది 18.5 అంగుళాల పాత మానిటర్. దాని రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల (పిక్సెళ్ల) లెక్క, 1366×768. బొమ్మ కేబుల్ తగిలించడానికి దానికి పాత రకం వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంది. కొనదలచుకున్నది 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080) మానిటర్. దానికి కొత్త రకం సాకెట్ అయిన హెచ్‌డీఎంఐ, వీజీఏ రెండూ ఉన్నాయి. కంప్యూటర్ ఇంటెల్ నాలుగో తరం ఐ3, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, విండోస్ 10 నడుస్తోంది. సీపీయూ వెనుక ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ సాకెట్లు కనిపిస్తున్నాయి.

దుకాణంలో అడిగితే, ఒక హెచ్‌డీఎంఐని రెండుగా చీల్చే స్ప్లిటర్ కొంటే చాలునని, పాత మానిటర్ కోసం దానికి ఒక కన్వర్టర్ తగిలించుకోవచ్చునని అన్నారు. నాకు కావలసింది రెండింటి మీదా ఒకే బొమ్మ కాదు. ఎడమ తెర మీద రాతప్రతి, కుడి తెర మీద పేజీ ఉండాలి, మౌస్ ఒక తెర అంచు దాటగానే రెండో తెరలోకి వెళ్లాలి. స్ప్లిటర్‌తో అది సాధ్యమేనా? వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఒకేసారి పనిచేస్తాయా, లేక ఒకటి పెడితే రెండోది ఆగిపోతుందా? సైజులు వేరైన రెండు మానిటర్లను పక్కపక్కన వాడితే ఇబ్బందులేమైనా ఉంటాయా? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


సమాధానం
కంప్యూటర్ మరమ్మతులు, తిరుపతి

సార్, స్ప్లిటర్ కొనకండి. మీరు కోరుకుంటున్న పని అది చేయదు, పైగా మీ కంప్యూటర్‌కు దాని అవసరమే లేదు.

డెస్క్‌టాప్ విస్తరించాలంటే కంప్యూటర్ రెండు వేర్వేరు బొమ్మలను తయారుచేసి రెండు వేర్వేరు దారులలో బయటికి పంపాలి. స్ప్లిటర్ ఉండేది బొమ్మ ఒకే దారిలో బయటికి వచ్చేసిన తరువాత. ఒక మైకుకు రెండు స్పీకర్లు తగిలిస్తే రెండింటిలోనూ ఒకే మాట వినిపించినట్లే, దానికి ఎన్ని మానిటర్లు కలిపినా అన్నింటిలోనూ ఒకే బొమ్మ వస్తుంది. మానిటర్‌ను తగిలించగానే అది తన పేరును, తాను చూపగల రిజల్యూషన్లను కంప్యూటర్‌కు తెలియజేస్తుంది. ఈ సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. మధ్యలో స్ప్లిటర్ ఉంటే కంప్యూటర్‌కు అందేది ఒక్క ఈడీఐడీయే కనుక, విండోస్ దృష్టిలో ఉన్నది ఒక్క మానిటరే. అందుకే అలాంటి చోట సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా రెండో తెర కనిపించదు. కళ్యాణ మండపంలో ఒకే వీడియోను నాలుగు టీవీలలో చూపించడానికి అది చక్కగా పనికివస్తుంది, అంతే.

మీ సీపీయూ వెనుక ఉన్న వీజీఏ, హెచ్‌డీఎంఐ సాకెట్లు రెండూ ఒకేసారి పనిచేస్తాయి. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు రెండు తెరలు పెద్ద బరువు కాదు. కాబట్టి పాత మానిటర్‌ను వీజీఏకూ కొత్తదాన్ని హెచ్‌డీఎంఐకీ తగిలించండి. కన్వర్టర్ కూడా అక్కరలేదు. కొత్త మానిటర్‌కు వీజీఏ కూడా ఉందని రాశారు కానీ, దానిని మాత్రం ఆ దారిలో వాడకండి. వీజీఏ 1987లో ఐబీఎం తీసుకువచ్చిన పద్ధతి, గాజు గొట్టం మానిటర్ల కాలానిది. బొమ్మ అంకెలుగా కాక విద్యుత్తు హెచ్చుతగ్గులుగా ప్రయాణిస్తుంది కనుక, 1920×1080 వద్ద కేబుల్ కాస్త నాసిరకమైనా అక్షరాల అంచులు మసకబారుతాయి. తలకట్టుకూ గుడికీ తేడా కనిపెట్టవలసిన మీ పనికి ఆ మసక చేటు చేస్తుంది. 1366×768 పాత తెర మీద ఆ తేడా అంతగా తెలియదు. ఒకవేళ అక్కడ కూడా అక్షరాలు వణికినట్లు కనిపిస్తే, మానిటర్ మీద ఉన్న ఆటో అడ్జస్ట్ బటన్ ఒకసారి నొక్కితే సర్దుకుంటుంది.

వీజీఏ కేబుల్ విషయంలో ఒక హెచ్చరిక. మా దుకాణానికి వచ్చే రెండు మానిటర్ల ఫిర్యాదులలో ఇది తరచుగా కనిపిస్తుంది. చవక కేబుళ్లలో కొన్నింటికి, మానిటర్ సమాచారం రావలసిన 12, 15 నంబరు పిన్నులకు లోపల తీగే ఉండదు. అప్పుడు బొమ్మ వస్తుంది కానీ, ఉన్నది ఏ మానిటరో విండోస్‌కు తెలియదు. సెట్టింగ్స్‌లో దాని పేరు ఉండవలసిన చోట జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్ అని కనిపిస్తుంది, 1366×768 జాబితాలో లేకుండా 1024×768 దగ్గరే ఆగిపోతుంది, గుండ్రని ముద్రలన్నీ కోడిగుడ్డులా సాగిపోతాయి. డ్రైవర్లు మళ్లీ మళ్లీ ఎక్కించినా లాభం ఉండదు. కేబుల్ మార్చడమే మందు. మానిటర్‌తో పాటు పెట్టెలో వచ్చిన అసలు కేబుల్ మీ దగ్గర ఉంటే దానినే వాడండి. ఇంత చిన్న కేబుల్ కోసం వేలూరికో చెన్నై రిచీ స్ట్రీట్‌కో పరుగెత్తవలసిన పని లేదు.

ఇక అమరిక. కంప్యూటర్‌ను ఆపి, రెండు కేబుళ్లూ బిగించి, రెండు మానిటర్లకూ కరెంటు ఇచ్చి ఆ తరువాత ఆన్ చేయండి. విండోస్ కీ పట్టుకుని పీ నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి: పీసీ స్క్రీన్ ఓన్లీ, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, సెకండ్ స్క్రీన్ ఓన్లీ. ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. ఆపైన డెస్క్‌టాప్ ఖాళీ మీద కుడి క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే, 1, 2 అని అంకెలు వేసిన రెండు పెట్టెలు కనిపిస్తాయి. ఐడెంటిఫై నొక్కితే ఏ అంకె ఏ మానిటర్‌దో ఆయా తెరల మీదే పెద్దగా చూపిస్తుంది. పాత మానిటర్ మీకు ఎడమ వైపు ఉంటే, దాని పెట్టెను మౌస్‌తో లాగి ఎడమ వైపు పెట్టి అప్లై నొక్కండి. అంకె 2 అయినంత మాత్రాన అది కుడి వైపే ఉండాలన్న నియమం లేదు. తరువాత కొత్త మానిటర్ పెట్టె మీద క్లిక్ చేసి, కిందికి జరిగి, మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే అన్నచోట గుర్తు పెట్టండి. ఒక్కొక్క పెట్టెను విడివిడిగా ఎంచుకుని, దానికి రికమెండెడ్ అని రాసి ఉన్న రిజల్యూషన్‌నే ఉంచండి.

మున్ముందు ఎప్పుడైనా విడి గ్రాఫిక్స్ కార్డు వేయించుకుంటే, రెండు కేబుళ్లూ ఆ కార్డుకే తగిలించాలని గుర్తుంచుకోండి. కార్డు ఉన్నప్పుడు చాలా మదర్‌బోర్డులు తమ సొంత సాకెట్లను వాటంతట అవే ఆపేస్తాయి. వాటిని తిరిగి తెరవాలంటే బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవక ముందే తెరుచుకునే కంప్యూటర్ మూల సెట్టింగ్స్‌లోకి వెళ్లవలసి ఉంటుంది.


సమాధానం
ఖాతాల పని, శ్రీకాళహస్తి

పై వివరణ సరిగ్గా ఉంది. అయితే ఆయన ఒక వాక్యంలో దాటేసిన పెట్టెల అమరిక గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే రోజంతా రెండు తెరల ముందు కూర్చునేవారికి అసలు తేడా అక్కడే వస్తుంది. నేను ఒక తెర మీద ట్యాలీ, ఇంకొక తెర మీద జీఎస్టీ పోర్టల్ పెట్టుకుని పనిచేస్తాను.

సెట్టింగ్స్‌లో ఆ రెండు పెట్టెల సైజు మీ మానిటర్ల అంగుళాలను బట్టి కాక పిక్సెళ్లను బట్టి ఉంటుంది. మీ కొత్త తెర ఎత్తు 1080 వరుసలు, పాతది 768. రెండు పెట్టెల పై అంచులు కలిపి పెడితే, కొత్త తెర అడుగున ఉన్న 312 వరుసలకు పక్కన పొరుగు అనేదే లేదు. మౌస్ ఆ భాగంలో ఉన్నప్పుడు ఎడమకు తోస్తే అంచున గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. కొందరు దీనిని చూసి మౌస్ పాడైందనుకుంటారు. రెండు మానిటర్లూ ఒకే బల్ల మీద ఆనుకుని ఉంటాయి కనుక, పెట్టెల కింది అంచులను కలిపితే మీ కంటికి కనిపించేదానికి కొంత దగ్గరగా వస్తుంది. నేనైతే బల్ల మీద మానిటర్లను చూస్తూ పెట్టెను కొద్దికొద్దిగా జరిపి, మౌస్ దాదాపు అదే ఎత్తులో అవతలికి చేరే చోట ఆపుతాను. విండోస్ 11లో అయితే ఈజ్ కర్సర్ మూవ్‌మెంట్ బిట్వీన్ డిస్‌ప్లేస్ అనే ఎంపిక ఈ గోడను తీసివేస్తుంది. విండోస్ 10లో ఆ ఎంపిక లేదు.

మెయిన్ డిస్‌ప్లే ఏది కావాలన్న విషయంలో మరమ్మతుల సార్‌తో నాకు చిన్న భేదాభిప్రాయం ఉంది. కొత్తది కాబట్టి దానినే మెయిన్ చేయమనడం అందరికీ వర్తించదు. నోటిఫికేషన్లన్నీ మెయిన్ తెర మీదే వచ్చి పడతాయి. మీ దగ్గరికి శుభలేఖ చూసుకోవడానికి వచ్చినవారు కొత్త తెర వైపే తొంగిచూస్తారు. అప్పుడు ఇంకొకరి సందేశమో, బ్యాంకు సమాచారమో అక్కడ మెరవడం బాగుండదు. గిరాకీ వారు చూసే తెర మెయిన్ కాకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. టాస్క్‌బార్ రెండింటి మీదా కావాలా, ఒక్కదాని మీదే చాలునా అన్నది పర్సనలైజేషన్‌లోని టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

టైపు చేసేవారు జాగ్రత్త పడవలసింది ఇంకొకటి ఉంది. అక్షరాలు పడేది మీరు చూస్తున్న తెర మీద కాదు, చివరిసారి క్లిక్ చేసిన విండోలో. ఎడమ తెర మీది స్కాన్‌ను కదిలించడానికి ఒకసారి క్లిక్ చేసి, కళ్లు కుడి తెర మీదికి తిప్పి టైపు మొదలుపెడితే, ఆ మాటలు పేజ్‌మేకర్‌కు చేరవు. పైగా స్కాన్ చూపే ప్రోగ్రాం వాటిని షార్ట్‌కట్లుగా తీసుకుని ఏదో ఒకటి చేస్తుంది. విండోస్ 10లో దీనికి ఒక సులువు ఉంది: క్లిక్ చేయకుండా, మౌస్‌ను స్కాన్ మీద ఉంచి చక్రం తిప్పితే చాలు, పేజీ కదులుతుంది, టైపు మాత్రం పేజ్‌మేకర్‌లోనే ఉంటుంది. స్క్రోల్ ఇనాక్టివ్ విండోస్ అనే ఆ ఎంపిక మౌస్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది.

రెండు తెరలనూ సరిసమానంగా వాడేవారు వాటి మధ్య గీత ముక్కుకు ఎదురుగా ఉండేలా కూర్చోవాలి. మీ విషయంలో కళ్లు ఎక్కువసేపు పేజీ మీద ఉంటాయి కనుక, కొత్తదాన్ని నేరుగా ఎదుట, పాతదాన్ని ఎడమన కొంచెం లోపలికి తిప్పి పెట్టుకుంటే మెడ నొప్పి రాదు. తెర పై అంచు కంటి ఎత్తుకు మించకుండా చూసుకోండి.


అడిగినవారి జవాబు
డీటీపీ పని, చిత్తూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్ప్లిటర్ మానుకుని మానిటర్ ఒక్కటే కొన్నాను. పాతది వీజీఏకు, కొత్తది హెచ్‌డీఎంఐకి తగిలించి ఎక్స్‌టెండ్ చేయగానే రెండూ పనిచేశాయి. కింది అంచులు కలిపాక మౌస్ కూడా సాఫీగా దాటుతోంది.

ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఒకే పేజీని రెండు తెరల మీదా 100 శాతంలో చూస్తే పాతదాని మీద అక్షరం పెద్దగానూ కొత్తదాని మీద చిన్నగానూ ఉంది. సరిచేద్దామని కొత్త తెరకు స్కేల్ (అన్నింటినీ పెద్దవిగా చూపే విండోస్ సెట్టింగ్) 125 శాతం పెడితే, బ్రౌజర్ బాగానే ఉంది కానీ పేజ్‌మేకర్‌లో మెనూలూ అక్షరాలూ అన్నీ పొగమంచులో ఉన్నట్లు మసకబారాయి. రెండు, శుభలేఖలోని పసుపు, కుంకుమ రంగులు రెండు తెరల మీదా రెండు రకాలుగా కనిపిస్తున్నాయి. గిరాకీ వారికి ఏది చూపించాలో తేలడం లేదు. కొత్త మానిటర్‌ను నిలువుగా తిప్పితే పుస్తకం పేజీ మొత్తం ఒకేసారి కనిపిస్తుందని కూడా ఒకరు చెప్పారు. అది లాభమేనా?


సమాధానం
ముద్రణాలయంలో పేజీల రూపకల్పన, తిరుపతి

నేను కూడా ఇదే పనిలో ఉన్నాను కనుక వరుసగా చెబుతాను.

అక్షరాల సైజు తేడా లోపం కాదు, లెక్క. 18.5 అంగుళాల తెర మీద 1366×768 అంటే అంగుళానికి సుమారు 85 పిక్సెళ్లు. 21.5 అంగుళాల తెర మీద 1920×1080 అంటే సుమారు 102. విండోస్ మాత్రం 100 శాతం స్కేల్ దగ్గర అంగుళానికి 96 అని ఊహించుకుని గీస్తుంది. అందువల్ల అదే పేజీ పాత తెర మీద అసలు సైజు కంటే కొంచెం పెద్దగానూ కొత్త తెర మీద కొంచెం చిన్నగానూ వస్తుంది, రెండింటికీ మధ్య తేడా దాదాపు ఐదో వంతు ఉంటుంది. ఒక కొలబద్ద తీసుకుని తెర మీద ఆనించి చూస్తే మీకే తెలుస్తుంది. రచయితకు అచ్చులో పాయింటు సైజు ఎంత కనిపిస్తుందో చూపించాలంటే రెండు తెరలనూ నమ్మకండి, ఒక పేజీ ప్రింటు తీసి ఇవ్వండి.

మసకకు కారణం పేజ్‌మేకర్ వయసు. దాని చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఒక్కొక్క మానిటర్‌కు ఒక్కొక్క స్కేల్ అనే ఏర్పాటు విండోస్‌లోకి వచ్చింది 2013లో, 8.1తో. పేజ్‌మేకర్‌కు ఆ సంగతే తెలియదు కనుక అది ఎప్పటిలాగే 100 శాతంలో గీస్తుంది, విండోస్ ఆ గీసినదాన్ని ఫొటోలాగా సాగదీసి 125 చేస్తుంది. సాగిన ఫొటో మసకబారక తప్పదు. అందుచేత పేజ్‌మేకర్ నడిచే తెరను 100 శాతంలోనే ఉంచండి, పేజీ పెద్దగా కావాలంటే పేజ్‌మేకర్ లోపలి జూమ్‌తో పెంచుకోండి. బ్రౌజర్‌లో అక్షరాలు చిన్నవైతే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే సరిపోతుంది. మెనూలు మరీ చిన్నవని అనిపిస్తే ఇంకొక దారి ఉంది: పేజ్‌మేకర్ ఐకాన్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్, అక్కడ ఓవర్‌రైడ్ గుర్తు పెట్టి సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకోవడం. ఇది కొన్ని పాత ప్రోగ్రాములకు అక్షరాలను స్పష్టం చేస్తుంది, కొన్నింటిలో డైలాగు పెట్టెలను చెదరగొడుతుంది. 125 శాతం తప్పనిసరి అయితేనే ప్రయత్నించండి.

ఇంకొక మాట మీరు అడగలేదు కానీ త్వరలోనే ఎదురవుతుంది. పేజ్‌మేకర్‌లో రెండు పుస్తకాల ఫైళ్లు తెరిచి, ఒకదాన్ని ఎడమ తెరకు, రెండోదాన్ని కుడి తెరకు పంపాలంటే కుదరదు. దాని డాక్యుమెంట్లన్నీ ఒకే పెద్ద విండో లోపలే బందీలుగా ఉంటాయి. ఆ పెద్ద విండోను రెండు తెరల మీదికీ సాగదీయవచ్చు గానీ, ఎత్తులు వేరైన తెరల మీద అది చూడడానికీ వాడడానికీ ఇబ్బందిగా ఉంటుంది. ఒక ఫైలును పీడీఎఫ్ చేసి ఎడమ తెర మీద తెరుచుకుని, దాన్ని చూస్తూ కుడి వైపు పేజ్‌మేకర్‌లో దిద్దడమే నాకు కుదిరిన పద్ధతి.

రంగుల విషయం. పాత 18.5 అంగుళాల మానిటర్లలో అధిక భాగం టీఎన్ అనే రకం ప్యానెళ్లు (తెరలు). కూర్చున్నవారికి ఒక రంగు, పక్కన నిలబడి వంగి చూసేవారికి ఇంకొక రంగు కనిపించడం వాటి స్వభావం. మీ కొత్తది ఐపీఎస్ అనే రకం ప్యానెల్ అయితే ఏ వైపు నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. గిరాకీ వారికి ఎప్పుడూ ఆ ఒక్క తెర మీదే చూపించండి, పాతదాన్ని రాతప్రతికి కేటాయించండి. అయినా ఆఫ్‌సెట్‌లో అచ్చయ్యేది నాలుగు సిరాలతో, తెర వెలిగేది మూడు రంగుల కాంతితో. కాబట్టి కుంకుమ ఎరుపు తెర మీద చూసి ఒప్పుకున్నారని సంతకం తీసుకోకుండా, ప్రింటు మీద తీసుకోవడం మేలు.

నిలువుగా తిప్పడం: డెమ్మీ 1/8 పేజీ ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. ఎదురెదురు పేజీలు రెండూ కలిపితే సుమారు 28 సెంటీమీటర్లు అడ్డం, 21.6 సెంటీమీటర్లు నిలువు. మీ కొత్త తెర దాదాపు 47.6 సెంటీమీటర్లు అడ్డం, 26.8 నిలువు కనుక ఆ రెండు పేజీలూ అడ్డంగా ఉన్న తెర మీదే అసలు సైజులో పడతాయి. తిప్పితే ఎదురెదురు పేజీల వీలు పోతుంది. ఏ4 కరపత్రాలే ఎక్కువగా చేసేవారికి తిప్పడం లాభం. అది కూడా ఐపీఎస్ తెర అయితేనే, ఎందుకంటే టీఎన్ తెరను నిలువుగా తిప్పితే ఎడమ కంటికీ కుడి కంటికీ వేర్వేరు ఛాయలు తగిలి తల నొస్తుంది.


ఇంకొక ప్రశ్న
పరిశోధక విద్యార్థిని, తిరుపతి

ఈ చర్చ చదివాక నాకొక సందేహం కలిగింది. నాది ల్యాప్‌టాప్, ఒకే హెచ్‌డీఎంఐ ఉంది, పక్కనే ఒక టైప్-సీ సాకెట్ కూడా ఉంది. దానికి బయటి మానిటర్లు రెండు తగిలించి, ఒకదాని మీద తాళపత్రాల ఫొటోలు, ఇంకొకదాని మీద నా వ్యాసం ఉంచుకోవచ్చా? ల్యాప్‌టాప్ మూత మూసేసి వాడితే కంప్యూటర్ ఆగిపోతుందా?


సమాధానం
కంప్యూటర్ మరమ్మతులు, తిరుపతి

అమ్మా, ముందుగా ఒక సంగతి. ల్యాప్‌టాప్ సొంత తెర ఒకటి, హెచ్‌డీఎంఐకి తగిలించే మానిటర్ ఒకటి, ఇవే రెండు తెరలు. మీ పనికి ఇవి చాలునేమో ఒకసారి చూసి, చాలవనుకుంటేనే మూడోదాని జోలికి వెళ్లండి.

బయటి మానిటర్లే రెండు కావాలంటే అంతా మీ టైప్-సీ సాకెట్ మీద ఆధారపడి ఉంటుంది. ఆకారం ఒకటే అయినా కొన్ని టైప్-సీ సాకెట్లు ఫైళ్లు పంపడానికి మాత్రమే పనికివస్తాయి, కొన్ని బొమ్మను కూడా పంపుతాయి. సాకెట్ పక్కన డీ, పీ అక్షరాలు కలిసిన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తుంది. గుర్తు లేకపోతే ఆ మోడల్ వివరాల పత్రంలో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అన్న మాట కోసం వెతకండి. ఆ వసతి ఉంటే టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఒకటి కొంటే సరిపోతుంది.

ఆ వసతి లేకపోతే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ వాడవచ్చు. అది బొమ్మను ప్రాసెసర్ చేత కుదించి మామూలు యూఎస్‌బీ దారిలో పంపుతుంది కనుక దానికి ప్రత్యేక డ్రైవర్ ఎక్కించాలి, ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది. వ్యాసాలూ ఫొటోలూ చూడడానికి బాగానే ఉంటుంది, వీడియోలు ఎక్కువగా చూసేవారికి తృప్తినివ్వదు. మీది మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 గానీ ఎం2 గానీ అయితే, ఏ కేబుల్ పెట్టినా అది స్వతహాగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది. దానికి రెండో బయటి మానిటర్ కావాలంటే ఈ డిస్‌ప్లేలింక్ లాంటి అడాప్టర్ వాడవలసిందే.

మూత సంగతి విండోస్‌లో సులువే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్ అన్నచోట, ప్లగ్డ్ ఇన్ వరుసలో డూ నథింగ్ పెట్టండి. బ్యాటరీ వరుసను మాత్రం స్లీప్‌లోనే ఉండనివ్వండి. లేకపోతే మూత మూసి సంచిలో పెట్టుకుని బస్సెక్కినప్పుడు కూడా అది లోపల నడుస్తూ వేడెక్కిపోతుంది. మన వేసవిలో మూత మూసి రోజంతా వాడేటప్పుడు ల్యాప్‌టాప్‌ను నిలువు స్టాండులో పెట్టి, గాలి బయటికి పోయే వైపు గోడకు ఆనకుండా చూసుకోండి. కొన్ని మోడళ్లలో కీబోర్డు సందుల నుంచి కూడా గాలి లోపలికి వెళుతుంది కాబట్టి, మూత మూశాక ఫ్యాను చప్పుడు బాగా పెరిగితే మూత తెరిచి పక్కన పెట్టుకోవడమే మంచిది, ఎలాగూ అది మూడో తెరగా పనికివస్తుంది.